దైవచిత్తాన్వేషణ: క్రైస్తవ జీవితంలో దారి ఎంచుకోవడం

చదువు, ఉద్యోగం, పెళ్లి, పరిచర్య, ఊరు మారడం లాంటి విషయాల్లో ఒకటికి మించి దారులు కనబడినప్పుడు వాటిలో దేవునికి ఇష్టమైనది ఏదో తెలుసుకోవడానికి క్రైస్తవులు చేసే ప్రయత్నమే దైవచిత్తాన్వేషణ. తెలుగు ప్రొటెస్టెంట్ సంఘాల్లో దీన్ని 'దేవుని చిత్తం తెలుసుకోవడం', 'నడిపింపు కోసం ప్రార్థించడం', 'ప్రభువు సన్నిధిలో కనిపెట్టడం' అంటారు. కథోలికుల్లో 'వివేచన' అన్న మాట ఎక్కువగా వినిపిస్తుంది. చెయ్యకూడదని ముందే తెలిసిన పని గురించి ఈ వెతుకులాట ఉండదు. దొంగతనం చెయ్యనా వద్దా అని ఎవరూ ఉపవాస ప్రార్థనకు కూర్చోరు. రెండు దారులూ మంచివే అయినప్పుడు, లేదా రెండింటిలోనూ కొంత నష్టం తప్పనప్పుడు చిక్కు మొదలవుతుంది.

ఈ చిక్కుకు క్రైస్తవ చరిత్రలో రెండు రకాల జవాబులు పక్కపక్కనే నడిచాయి. ఒకటి గుర్తు అడగడం: చీటీ, కల, దర్శనం, బైబిలు తెరవగానే కంటబడిన వాక్యం. రెండోది జ్ఞానం అడగడం: మనసును శోధించుకోవడం, పెద్దల్ని సంప్రదించడం, తొందరపడకుండా ఆగడం, ఫలం చూసి తేల్చుకోవడం. ఒకే మనిషి జీవితంలో రెండూ కనిపించడం మామూలే. అయితే ఈ విషయాన్ని అనుభవించి రాసినవాళ్లలో ఎక్కువమంది గుర్తును ఒంటరిగా నమ్మొద్దనే చెప్పారు.

బైబిలులో

ప్రధాన యాజకుని రొమ్ము మీది పతకంలో ఊరీము, తుమ్మీము అనేవి ఉండేవని నిర్గమకాండము 28వ అధ్యాయం చెబుతుంది. వాటి ఆకారం ఏమిటో, ఎలా వాడేవారో మాత్రం వివరించదు. చీట్లు వేయడం అంతకన్నా మామూలు పద్ధతి. యెహోషువ షిలోహులో గోత్రాలకు భూములు పంచింది చీట్లతోనే. సౌలు రాజుగా బయటపడిందీ చీటీతోనే. యోనా ఎక్కిన ఓడలోని అన్యజనులైన నావికులు కూడా తుఫానుకు కారకుడెవరో చీట్లు వేసే తేల్చుకున్నారు. కాబట్టి ఇది ఇశ్రాయేలీయులకు మాత్రమే చెందిన ఆచారం కాదు.

ఇలా అడిగి జవాబు పొందిన సందర్భాల్లో దావీదు కథ ఒకటి ప్రత్యేకంగా చూడదగ్గది. కెయీలా పట్టణంలో ఉన్నప్పుడు సౌలు తన మీదికి వస్తాడా, ఊరివాళ్లు తనను పట్టిస్తారా అని అతను యాజకుని వస్త్రమైన ఏఫోదు తెప్పించి దేవుణ్ని అడిగాడు. రెండింటికీ అవుననే జవాబు వచ్చింది. దావీదు వెంటనే మనుషుల్ని తీసుకుని ఊరు విడిచాడు. ఆ సంగతి తెలిసి సౌలు బయల్దేరడం మానుకున్నాడు. అంటే వచ్చిన జవాబు జరిగి తీరే జాతకం లాంటిది కాదు, హెచ్చరిక. మనిషి తన అడుగు మార్చుకోవడానికి అందులో చోటుంది. బబులోను చెర నుంచి తిరిగి వచ్చాక ఊరీము తుమ్మీములు కనబడవు. వంశావళి దొరకని యాజకుల విషయం అవి ధరించే యాజకుడు వచ్చేదాకా ఆపి ఉంచారని ఎజ్రా గ్రంథం రెండో అధ్యాయంలో ఉంది.

తెలుగు ప్రసంగాల్లో తరచుగా వినబడే ఉదాహరణ గిద్యోను గొర్రెబొచ్చు. ఒక రాత్రి బొచ్చు తడిసి నేల పొడిగా ఉండాలి, మర్నాడు రాత్రి నేల తడిసి బొచ్చు పొడిగా ఉండాలి అని అతను దేవుణ్ని గుర్తు అడిగాడు. దీన్ని నడిపింపు పొందే పద్ధతిగా చెప్పేవాళ్లు ఒక సంగతి దాటేస్తారు. ఏం చెయ్యాలో గిద్యోనుకు ముందే స్పష్టంగా తెలుసు. బొచ్చు పరిచింది దారి తెలియక కాదు, భయం తీరక.

సొలొమోను దారి వేరు. గిబియోనులో కలలో ఏం కావాలో కోరుకోమంటే దీర్ఘాయువు, ఐశ్వర్యం, శత్రువుల ప్రాణం అడగకుండా ప్రజలకు న్యాయం తీర్చగల మనసు అడిగాడు. ఆ వెంటనే వచ్చే కథ ఒక బిడ్డ కోసం ఇద్దరు స్త్రీల తగవు. అక్కడ చీటీ లేదు, దర్శనం లేదు. తల్లి మనసు ఎలా ఉంటుందో ఎరిగిన న్యాయాధిపతి ఉన్నాడు. అంతటివాడూ ముసలితనంలో దారి తప్పాడని అదే గ్రంథం దాచకుండా చెబుతుంది. సామెతల గ్రంథం సొంత తెలివి మీద ఆనుకోవద్దంటూనే ఆలోచన చెప్పేవారు పలువురు ఉండాలని పదేపదే గుర్తుచేస్తుంది.

కొత్త నిబంధనలో చీటీ ఒక్కసారే ఇలాంటి నిర్ణయానికి ఉపయోగపడింది. యూదా ఇస్కరియోతు స్థానంలో మత్తీయను తీసుకున్నప్పుడు శిష్యులు ముందు అర్హత నిర్ణయించారు, ఇద్దరిని నిలబెట్టారు, ప్రార్థించారు, చివర్న చీట్లు వేశారు. పెంతెకొస్తు తర్వాత ఆ పద్ధతి మళ్లీ కనబడదు. భోజనాల పంపకం చూసే ఏడుగురిని సంఘమే ఏర్పరచుకుంది. అన్యజనులకు సున్నతి అవసరమా అన్న ప్రశ్న యెరూషలేములో గట్టి వాదోపవాదాల తర్వాత తేలింది. అక్కడి నుంచి పంపిన ఉత్తరంలో ఆ నిర్ణయాన్ని పరిశుద్ధాత్మకూ తమకూ కలిపి ఆపాదించారు. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో పౌలు బృందానికి ఆసియాలో అడ్డు, బితూనియ వైపు అడ్డు, త్రోయకు చేరాక రాత్రి మాసిదోనియ మనిషి దర్శనం. దర్శనం చూసింది పౌలు ఒక్కడే. ఇది దేవుని పిలుపేనని నిశ్చయించుకున్నది బృందమంతా.

పత్రికల్లో ధోరణి ఇంకా స్పష్టం. జ్ఞానం కొరవడినవాడు దేవుణ్ని అడగాలని యాకోబు రాశాడు. పై నుంచి వచ్చే జ్ఞానం ఎలా ఉంటుందో గుర్తుపట్టే లక్షణాలూ చెప్పాడు. అది పవిత్రం, సమాధానకరం, మృదువు, పక్షపాతం లేనిది. రోమా పత్రిక 12వ అధ్యాయంలో దేవుని చిత్తం పరీక్షించి తెలుసుకోవడం అన్నది మనసు కొత్తదయ్యాకే వస్తుంది. ముందు మనిషి మారాలి, తర్వాత దారి కనిపిస్తుందన్న ఈ వరుస తర్వాతి శతాబ్దాల రచనలన్నింటికీ పునాది.

ఎడారి తండ్రులు

వివేచనను ఒక విద్యగా సాధన చేసినవాళ్లు ఈజిప్టు ఎడారి సన్యాసులు. వారి మాటల్ని లాటిన్‌లోకి తెచ్చిన జాన్ కాసియన్ తన 24 సంభాషణల్లో రెండోదాన్ని పూర్తిగా దీనికే కేటాయించాడు. అందులో అబ్బా మోషే చెప్పిన హీరోన్ కథ ఇప్పటికీ ఒళ్లు జలదరింపజేస్తుంది. హీరోన్ 50 ఏళ్లు ఎడారిలో కఠోర నియమాలతో బతికాడు. పస్కా పండుగ రోజున సహోదరులతో కలిసి భోజనానికి రావడానికి కూడా అతని నియమం ఒప్పుకునేది కాదు. ఒక రాత్రి దేవదూత వేషంలో వచ్చిన సాతాను మాట నమ్మి, తన పుణ్యమే తనను కాపాడుతుందని లోతైన బావిలో దూకాడు. సహోదరులు పైకి తీశారు. మూడో రోజు చనిపోయాడు. చనిపోయేదాకా తాను మోసపోయానని ఒప్పుకోలేదు.

మోషే చూపే మందు ఒకటే: మనసులో పుట్టిన ఆలోచనను దాచుకోకుండా పెద్దవాడి ముందు చెప్పుకోవడం. నెరిసిన జుట్టు చూసి మోసపోవద్దని కూడా ఆయనే అంటాడు. తన శోధన చెప్పుకున్న కుర్రవాణ్ని ఒక ముసలి సన్యాసి కసిరి, ఎడారి వదిలి పారిపోయేంత నిరాశలోకి నెట్టిన కథ అదే సంభాషణలో ఉంది. జాన్ క్లిమకస్ రాసిన 30 మెట్ల నిచ్చెనలో 26వ మెట్టు వివేచన. పడమట బెనెడిక్ట్ నియమావళి మూడో అధ్యాయం ముఖ్యమైన విషయాలకు మఠమంతటినీ పిలవమంటుంది. మంచి మార్గం దేవుడు చాలాసార్లు చిన్నవాడికే చూపిస్తాడని అందుకు కారణం చెబుతుంది. తుది నిర్ణయం మాత్రం మఠాధిపతిదే.

పుస్తకం తెరిచి చూడటం

386లో మిలాన్‌లోని ఒక తోటలో, పక్కింటి నుంచి పిల్లల ఆటపాట లాంటి గొంతు వినబడి, అగస్టీన్ పౌలు పత్రికలు తెరిచాడు. రోమా 13వ అధ్యాయం కంటబడింది, ఆయన జీవితం మారింది. అంతకు ముందే ఎడారి సన్యాసి ఆంటొనీ గుడిలో చదువుతున్న సువార్త భాగాన్ని తనకే చెప్పిన మాటగా తీసుకుని ఆస్తి పంచేశాడని అగస్టీన్‌కు తెలుసు. అసీసీ ఫ్రాన్సిస్ తన మొదటి అనుచరుడు బెర్నార్డ్‌తో కలిసి గుడిలో సువార్త గ్రంథాన్ని మూడుసార్లు తెరిచి తమ జీవన నియమం తెలుసుకున్నాడు.

ఈ అలవాటును సంఘ పెద్దలు అంతగా ఇష్టపడలేదు. గాల్ దేశంలో 506లో ఆగ్డ్, 511లో ఓర్లియన్స్ సభలు గ్రంథం తెరిచి శకునం చూడటాన్ని నిషేధించాయి. నిషేధం మళ్లీ మళ్లీ చెయ్యాల్సి వచ్చిందంటేనే అలవాటు ఎంత పాతుకుందో తెలుస్తుంది.

ప్రొటెస్టెంట్లలో ఇది మరో రూపంలో తిరిగి వచ్చింది. 1718లో జర్మనీలో బొగాట్స్కీ దినధ్యాన వాక్యాల పెట్టె లాంటి పుస్తకం వెలువరించాడు. హెర్న్‌హూట్‌లోని మొరేవియన్ సహోదరులు రోజుకో వాక్యం చొప్పున 1731 నుంచి ఏటా అచ్చువేస్తున్నారు. పదవులకే గాక పెళ్లిళ్లకూ వాళ్లు చీటీ వేసేవారు. సాధారణ సభ్యుల పెళ్లిళ్లకు ఆ నియమం 1818లో తొలగిపోయింది. వారి ప్రభావంలో ఉన్న జాన్ వెస్లీ 1737లో జార్జియాలో సోఫీ హాప్కీని పెళ్లాడాలా వద్దా అని మూడు చీటీలు సిద్ధం చేశాడు. ఇక ఆ ఆలోచన మానుకో అన్నది వచ్చింది. మానుకున్నాడుగానీ ఆమె వేరొకరిని చేసుకున్నాక మనసు మానలేదు. సంఘ క్రమశిక్షణ పేరుతో ఆమెకు ప్రభు సంస్కారం నిరాకరించి కోర్టు గొడవలో చిక్కుకున్నాడు. చీటీ నిర్ణయం చెప్పగలిగింది, నిర్ణయం తీసుకున్నవాడి మనసును సరిచెయ్యలేకపోయింది.

మన సంఘాల్లో డిసెంబరు 31 రాత్రి ఆరాధన చివర్న పళ్లెంలో బోర్లించి పెట్టే వాగ్దాన కార్డులు ఈ వంశానివే. ఇంటికొకరు వెళ్లి ఒక కార్డు తీసుకుంటారు. కొందరు అక్కడే చదివి కళ్లు తుడుచుకుంటారు, కొందరు ఇంటికెళ్లాక గోడకు అతికిస్తారు. ఏడాది పొడవునా ఏ కష్టం వచ్చినా ఆ వాక్యం వైపు చూస్తారు. ఓదార్పుగా ఇది మంచిదే. దారి చూపేదిగా తీసుకుంటే మాత్రం ఒక ఇబ్బంది ఉంది: ఆ పళ్లెంలో దీవెన వాక్యాలే ఉంటాయి. ఆమోసు గద్దింపులు ఎవరి చేతికీ రావు.

ఇగ్నేషియస్ లొయొలా

విజయవాడ లొయొలా కాలేజీ పేరు వినని తెలుగువాడు అరుదు. ఆ పేరుగల మనిషి దైవచిత్తాన్వేషణకు ఒక వ్యాకరణం రాసినవాడని తెలిసినవాళ్లు తక్కువ. స్పెయిన్‌కు చెందిన ఇగ్నేషియస్ (1491-1556) సైనికుడు. 1521 మే 20న పాంప్లోనా కోట యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి ఒక కాలు నుజ్జయింది. లొయొలా కోటలో నెలల తరబడి మంచం మీద ఉన్నప్పుడు వీరగాథలు కావాలంటే దొరకలేదు. ఇంట్లో ఉన్నవి క్రీస్తు జీవిత చరిత్ర ఒకటి, పునీతుల కథలు ఒకటి. చదువుతూ ఊహల్లో తేలిపోయేవాడు. ఒకసారి గొప్పింటి స్త్రీని మెప్పించే సాహసాలు, ఒకసారి ఫ్రాన్సిస్, డొమినిక్‌ల లాగా బతకడం. రెండు రకాల ఊహలూ ఆ క్షణానికి తియ్యగానే ఉండేవి. మొదటివి అయిపోయాక మనసు ఎండిపోయేది. రెండోవి అయిపోయాక కూడా ఆనందం నిలిచేది. ఒకరోజు ఈ తేడా అతని కంటబడింది. తర్వాత రాసిందంతా ఈ ఒక్క గమనికకు విస్తరణ అనొచ్చు.

గమనిక వచ్చింది గానీ వివేకం ఇంకా రాలేదు. 1522లో కంచర గాడిద మీద మొన్సెరాత్‌కు వెళ్తుండగా దారిలో కలిసిన ఒక ముస్లిం బాటసారి కన్య మరియను గురించి వాదించి ముందుకు వెళ్లిపోయాడు. మరియ గౌరవం కోసం వెంటబడి అతణ్ని పొడవాలా, వదిలెయ్యాలా అని ఇగ్నేషియస్ తేల్చుకోలేకపోయాడు. చివరికి దారి చీలిన చోట కళ్లెం వదులు చేశాడు. గాడిద ఆ మనిషి వెళ్లిన ఊరి వైపు తిరిగితే పొడవడం, రహదారి పట్టుకుంటే వదిలెయ్యడం అనుకున్నాడు. ఊరి దారే వెడల్పుగా, దగ్గరగా ఉన్నా గాడిద రహదారి పట్టింది. ముసలితనంలో తన కథ చెబుతూ ఈ సంఘటనను ఆయన దాచలేదు. మంచి మనసు ఉండి, వివేచన లేకపోతే ఏమవుతుందో చూపడానికే చెప్పాడు.

మన్రేసాలో దాదాపు ఏడాది తపస్సులోంచి పుట్టిన 'ఆధ్యాత్మిక సాధనలు' గ్రంథాన్ని 1548లో పోపు మూడో పౌలు ఆమోదించాడు. నాలుగు వారాల ఏకాంత ధ్యానానికి అది కరదీపిక. అందులో ఓదార్పు, నిరుత్సాహం అనే రెండు స్థితులు కీలకం. దేవుని మీద ప్రేమ, విశ్వాసం, లోలోపలి శాంతి పెరిగితే ఓదార్పు. చీకటి, అశాంతి, ప్రార్థన మీద విసుగు అయితే నిరుత్సాహం. నిరుత్సాహంలో ఉన్నప్పుడు ముందు తీసుకున్న నిర్ణయాన్ని మార్చొద్దని ఆయన గట్టిగా చెబుతాడు. మొత్తం రచనలో రోజూ పనికొచ్చే సూత్రం ఇదేనని చాలామంది అనుభవజ్ఞుల మాట. కోపంలో రాజీనామా రాసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది.

నిర్ణయానికి మూడు సమయాలున్నాయంటాడు. మొదటిది సందేహానికి తావు లేకుండా పిలుపు అందే సమయం. రెండోది ఓదార్పు నిరుత్సాహాల రాకపోకలు గమనించి తేల్చుకునే సమయం. మూడోది మనసు నిలకడగా ఉండి బుద్ధితో లాభనష్టాలు తూచే సమయం. ఈ మూడో సమయానికి ఇచ్చిన ఉపాయాలు చాలా మామూలువి. ఇదే సమస్య ముక్కూ మొహం తెలియనివాడు చెప్పుకుంటే అతనికేం సలహా ఇస్తావు? చావు మంచం మీద ఉండి వెనక్కి చూస్తే ఏం చేసి ఉండాలనుకుంటావు? తీర్పు దినాన? వీటన్నిటికీ ముందు ఒక షరతు ఉంది: ఆరోగ్యమా జబ్బా, ఐశ్వర్యమా పేదరికమా అన్న వాటిలో ఏదో ఒకదానికి ముందే కట్టుబడి ఉండకూడదు. ఇష్టమైన జవాబు జేబులో పెట్టుకుని ప్రశ్న అడగొద్దని అర్థం.

ఆయన జీవితంలోనే పిలుపులు తారుమారయ్యాయి. యెరూషలేములో స్థిరపడాలన్నది ఆయన దృఢ నిశ్చయం. 1523లో అక్కడికి చేరితే ఫ్రాన్సిస్కన్ అధికారి ఉండటానికి వీల్లేదని పంపించేశాడు. తిరిగొచ్చి బార్సిలోనాలో కుర్రాళ్ల పక్కన కూర్చుని లాటిన్ నేర్చుకున్నాడు. 1534లో పారిస్‌లో మిత్రులతో కలిసి మళ్లీ యెరూషలేము ప్రతిజ్ఞ చేసినప్పుడు, ఏడాదిలోగా ఓడ దొరక్కపోతే పోపు ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్తామని ఒక షరతు చేర్చారు. యుద్ధం వల్ల ఓడ దొరకలేదు. అలా 1540లో యేసు సభ ఏర్పడింది. ఆ ఏడాదే భారతదేశానికి రావాల్సిన బొబదిల్లా జబ్బుపడితే ఒక్కరోజు వ్యవధిలో ఫ్రాన్సిస్ జేవియర్ బయల్దేరాడు.

క్వేకర్లు, ముల్లర్

ఇంగ్లండ్‌లో 17వ శతాబ్దపు క్వేకర్లు నిర్ణయాన్ని సమూహం చేతిలో పెట్టారు. ఓటింగు లేదు. మౌనంగా కూర్చుని, అందరి మనసూ ఒకచోటికి వచ్చేదాకా ఆగుతారు. పెళ్లి చేసుకోబోయేవారిని ప్రశ్నించడానికి పెట్టిన చిన్న బృందాలు తర్వాత ఉద్యోగం, వలస లాంటి విషయాలకూ వాడుకలోకి వచ్చాయి. బృందంలోనివారు సలహా చెప్పరు, ప్రశ్నలే అడుగుతారు. అమెరికాలో జొనాథన్ ఎడ్వర్డ్స్ 1746లో ఉజ్జీవ సభల్లోని ఆవేశాల మీద పెద్ద గ్రంథం రాసి, నిజమైన భక్తికి 12 లక్షణాలు చెప్పాడు. చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆచరణ.

బ్రిస్టల్ అనాథాశ్రమాల స్థాపకుడు జార్జ్ ముల్లర్ (1805-1898) పద్ధతి తెలుగు విశ్వాసుల్లో బాగా ప్రచారంలో ఉంది. ముందు ఆ విషయంలో సొంత ఇష్టం లేకుండా చేసుకోవడం, భావోద్వేగాన్ని నమ్మకపోవడం, వాక్యంతో ఆత్మ నడిపింపును జతచేసి చూడటం, పరిస్థితులు గమనించడం, ప్రార్థన. ఆచరణలో ఇదెలా ఉండేదో ఒక సందర్భం చూపుతుంది. 1845 అక్టోబరు 30న, పిల్లల గోలతో ఇబ్బందిగా ఉందని పొరుగువారి నుంచి ఉత్తరం వచ్చింది. ముల్లర్ మోకరించాడు, కాగితం కూడా తీసుకున్నాడు. ఆశ్రమాన్ని అక్కడి నుంచి మార్చాలనడానికి కారణాలు ఒకవైపు, వద్దనడానికి కారణాలు ఒకవైపు రాశాడు. తోటి పరిచారకులతో కలిసి ప్రార్థించాడు. డిసెంబరు 10న వెయ్యి పౌండ్ల కానుక వచ్చాక ముందడుగు వేశాడు. అద్భుతంగా ప్రచారమైన కథలో ఆ కాగితం సంగతి తరచు మరుగున పడుతుంది.

ముల్లర్ బావమరిది ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ 1836లో భారతదేశానికి తిరిగి వస్తూ విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులను వెంట తెచ్చాడు. వారు నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో నెలకొల్పినదే గోదావరి డెల్టా మిషన్. జీతం హామీ లేకుండా, నడిపింపు కోసం ప్రార్థిస్తూ బతికే పద్ధతి కోస్తా తెలుగు నేలకు వచ్చింది ఈ దారినే.

ఒంగోలు

తెలుగు క్రైస్తవ చరిత్రలో ఈ విషయానికి అన్నిటికన్నా గట్టి ఉదాహరణ అమెరికన్ బాప్టిస్టు మిషన్. 1836లో మొదలై, ఏళ్లు గడిచినా చెప్పుకోదగ్గ ఫలం లేక, మూసెయ్యాలా అన్న చర్చ ఒకటికి రెండుసార్లు అమెరికాలో నడిచింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ మిషన్‌కు చెందిన లైమన్ జూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులతో కలిసి ఒంగోలు కొండెక్కి ఆ ఊరికి ఒక సేవకుడు రావాలని ప్రార్థించారు. ప్రార్థన కొండ అని ఇప్పటికీ పిలిచేది దాన్నే. జాన్ క్లౌ ఒంగోలుకు వచ్చింది 1866లో. మధ్యలో పన్నెండేళ్లు.

వచ్చిన తొలి రోజుల్లోనే క్లౌకు ధర్మసంకటం ఎదురైంది. తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ భక్తుడు యెర్రగుంట్ల పేరయ్య వెంట కొందరు బాప్తిస్మానికి సిద్ధమయ్యారు. వీళ్లను చేర్చుకుంటే తాము రాలేమని, అప్పటిదాకా మిషన్ వైపు మొగ్గు చూపుతున్న పై కులాలవారు తేల్చి చెప్పారు. ఆ రోజు క్లౌ తన గదిలో కలతపడుతూ పక్కనున్న కొత్త నిబంధన చేతికి తీసుకుంటే మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయం చివరి భాగం తెరుచుకుంది. లోకంలో ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే చోటు అది. వేరే గదిలో ఉన్న భార్య హ్యారియెట్ కూడా విడిగా అదే భాగం చదివి అదే నిర్ణయానికి వచ్చింది. పేరయ్య వాళ్లను చేర్చుకున్నారు, పై కులాలవాళ్లు దూరమయ్యారు.

పైకి చూస్తే ఇది ఆగ్డ్ సభ నిషేధించిన శకునమే. అయితే ఇక్కడ తెరుచుకున్న వాక్యం కొత్త సంగతేదీ చెప్పలేదు. సువార్త మొదటి నుంచీ చెబుతున్నదాన్నే, క్లౌ వినడానికి జంకుతున్నదాన్నే చెప్పింది. పైగా అది సుఖమైన దారి కాదు.

1876-78 కరువులో ఆయన వివేకం ఇంకో రూపంలో కనబడింది. బకింగ్‌హాం కాలువ పనిలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. తవ్వకం దగ్గర బోధకులే మేస్త్రీలు. బాప్తిస్మం ఇవ్వమని జనం అడుగుతుంటే దాదాపు 15 నెలలు ఎవరికీ ఇవ్వలేదు. గంజి కోసం వస్తున్నారో, విశ్వాసంతో వస్తున్నారో తేలాలన్నది కారణం. సాయం ముగిసింది, ఇక ఇవ్వడానికేమీ లేదని చెప్పాక కూడా వాళ్లు వెనక్కి తగ్గలేదు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మందికి బోధకులు బాప్తిస్మం ఇచ్చారు. ఆ అంకె అందరికీ తెలుసు. అంతకు ముందున్న 15 నెలల నిరాకరణకే ఈ వ్యాసంలో ఎక్కువ విలువ.

తర్వాతి తరంలో తిరునెల్వేలికి చెందిన వి.ఎస్. అజరయ్య వై.ఎం.సి.ఎ. కార్యదర్శి పదవి వదిలి 1909లో నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. భక్త్ సింగ్ (1903-2000) హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా నడిపిన సహవాసాల్లో ప్రయాణం, ఇల్లు, పెళ్లి ఏదైనా ప్రార్థనలో తేలాకే అన్న పట్టింపు బలంగా నాటుకుంది.

ఆ పట్టింపు పెళ్లి మాటల్లో మామూలు మర్యాదగా కూడా మారిపోయింది. "ప్రార్థన చేసి చెబుతామండీ అన్నయ్యగారూ" అన్న మాట సగం సందర్భాల్లో నిజంగా ప్రార్థనే. మిగతా సగంలో నెల దాటినా కబురు రాకపోతే అబ్బాయి జీతమో, అమ్మాయి రంగో, కులమో అడ్డొచ్చిందని మధ్యవర్తికి అర్థమవుతుంది. దేవుని చిత్తం కాదన్న మాట వెనక కులం దాక్కోవడం గురించి సంఘాల్లో మాట్లాడాల్సినంత మాట్లాడలేదు.

బాన్‌హోఫర్, 1939

జర్మన్ పాస్టరు డీట్రిచ్ బాన్‌హోఫర్ యుద్ధానికి ముందు సురక్షితంగా ఉండేందుకు 1939 జూన్ 12న న్యూయార్క్ చేరాడు. వారం తిరగకముందే మనసు నిలవలేదు. జూన్ 20న అక్కడి ఉద్యోగం వద్దన్నాడు. తన నిర్ణయాలకు అసలు కారణాలేమిటో తనకే ఎన్నడూ పూర్తిగా తెలియదని ఆ రోజు డైరీలో రాసుకున్నాడు. జూన్ 26న, చలికాలానికి ముందే రమ్మని పౌలు తిమోతిని కోరిన మాట అనుకోకుండా కంటబడింది. దాన్ని తనకు చెప్పినట్టు తీసుకోవడం లేఖన దుర్వినియోగం కాదనుకున్నాడు. జులై మొదటి వారం ముగుస్తుండగా జర్మనీకి తిరిగి ఓడెక్కాడు. నాజీలు ఆయన్ని 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బర్గ్‌లో ఉరితీశారు. నిశ్చయం వచ్చాకే అడుగు వెయ్యాలన్నవాళ్లకు ఈ డైరీ ఇబ్బందికరమైన పాఠం. ఆయన అడుగు వేసింది కారణాలు తేలకుండానే, తీర్పు దేవునికి వదిలి.

నేటి చర్చ

ఎఫ్.బి. మేయర్ లాంటి 19వ శతాబ్దపు రచయితలు వాక్యం, అంతరంగ ప్రేరణ, పరిస్థితులు మూడూ ఒక వరుసలోకి వస్తే అదే దేవుని చిత్తమని బోధించారు. ప్రతి మనిషికీ ప్రతి విషయంలోనూ ముందే గీసిన ఒకే గీత ఉందన్న భావన దీని వెనక ఉంది. 1980లో గారీ ఫ్రీసెన్ దీన్ని సవాలు చేశాడు. దేవుని నైతిక ఆజ్ఞల హద్దులో మనిషికి నిజమైన స్వేచ్ఛ ఉందని, అక్కడ జ్ఞానంతో ఎంచుకుంటే చాలని ఆయన వాదన. ఎవాంజెలికల్ సంఘాల్లో ఆ వాదం ఇంకా సాగుతూనే ఉంది. డాలస్ విల్లర్డ్ లాంటివారు దేవునితో సంభాషణలో పెరిగే స్నేహాన్ని అసలు విషయంగా చూశారు. కథోలిక సంఘంలో పోపు ఫ్రాన్సిస్ 2022 ఆగస్టు నుంచి 2023 జనవరి దాకా బుధవారం బోధలను వివేచనకే కేటాయించాడు. 2021-24 సినడ్‌లో బిషప్పులు, మామూలు విశ్వాసులు గుండ్రటి బల్లల చుట్టూ కూర్చుని, మాటకూ మాటకూ మధ్య మౌనం పాటిస్తూ ఆలకించే పద్ధతిని అనుసరించారు.

మన ఊళ్లలో ఇప్పుడు ఎక్కువ నష్టం చేస్తున్నది వేరు. ఫలానా సంబంధం చేసుకోమని, ఫలానా ఉద్యోగం మానమని, భూమి అమ్మి కానుక ఇమ్మని దేవుడు నాకు చెప్పాడంటూ ఒక మనిషి మరో మనిషి జీవితం మీద తీర్పు చెప్పడం. ప్రశ్నిస్తే అవిశ్వాసమంటారు. ప్రవచనాన్ని తృణీకరించొద్దని థెస్సలొనీక సంఘానికి రాసిన పౌలే అదే చోట అన్నీ పరీక్షించమన్నాడు. ప్రవక్తలు ఇద్దరు ముగ్గురు మాట్లాడాలనీ మిగిలినవాళ్లు దాన్ని తూచాలనీ కొరింథు సంఘానికి నియమం పెట్టాడు. ఆ పరీక్షకు ఒప్పుకోని మనిషి మాట మీద పెళ్లి గానీ పొలం అమ్మకం గానీ పెట్టుకోవద్దు.